చెక్క ప్రొపెల్లర్ ఎక్కడిది, ఏనాటిది? గుర్తించే పద్ధతి

పోయిన వేసవిలో హన్మకొండలోని మా ఇంటి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. పాత సామాన్ల వ్యాపారం చేసే కుర్రవాడొకడు, గోనెపట్టాల్లో చుట్టి తాడుతో కట్టిన ఆరడుగుల పైచిలుకు కర్రను దింపి, వసారాలో గోడకు ఆనించి, "సార్, గిది మామునూరు విమానాల అడ్డా దిక్కుకెళ్ళి వచ్చింది. నిజాం రాజు సొంత విమానందట. మీరు ఒక్కసారి చూసి అవునంటె చాలు" అన్నాడు. విప్పి చూస్తే నల్లబడిన వార్నిష్ కింద ఎర్రటి చెక్క, అంచున ఇత్తడి రేకు, నడుమ బోల్టుల రంధ్రాలతో ఒక దిమ్మ కనిపించాయి. అది విమానం ముందు తిరిగే ప్రొపెల్లర్ అని చెప్పడానికి క్షణం పట్టలేదు కానీ, ఏ ప్రొపెల్లర్, ఏ కాలానిది అని చెప్పడానికి ఒక పూట పట్టింది. ఆ పూట చేసిన పనినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాతికేళ్లు చెక్కపని నేర్పినవాణ్ణి కనుక చెక్క వైపు నుంచి మాట్లాడటం నాకు అలవాటు. విమానాల సంగతి తరువాత పట్టుబడింది.

ముందుగా ఒక మాట. మన ప్రాంతంలో ఇటువంటి వస్తువు ఏది బయటపడినా దానితో పాటు ఒక కథ కూడా బయటపడుతుంది. మామునూరులో నిజాం కాలం నుంచి విమానాశ్రయం ఉన్నందువల్ల ఆ కథలు నమ్మదగినవిగానే వినిపిస్తాయి. అయినా కొన్ని కథలు వస్తువును ముట్టుకోకుండానే వీగిపోతాయి. ఉదాహరణకు, ఇది డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానానిది అని ఎవరైనా చెక్క ప్రొపెల్లర్‌ను చూపిస్తే అది నిజం కాదు. 1945లో మొదలై, 1953లో జాతీయం కాబడిన ఆ సంస్థ నడిపిన డకోటాలకు మూడు రెక్కల లోహపు ప్రొపెల్లర్లు ఉండేవి. కథను పక్కన పెట్టి వస్తువును చదవడమే ఈ పనిలో మొదటి మెట్టు. కథను ఒక కాగితం మీద రాసుకొని ఉంచాలి, చివరలో దానితో పని పడుతుంది.

చేయి పెట్టకముందు

తుడవకూడదు, గీకకూడదు, పాలిష్ చేయించకూడదు. పాతదనం కనిపించగానే ఇసుక కాగితం అందుకోవడం మనవారికి అలవాటు. నాకు తగిలిన దెబ్బ చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన మొదటి ప్రొపెల్లర్‌ను, బాగా ఉంటుందని, తెలిసిన ఒక పాలిష్ పనివాడికి ఇచ్చాను. అతను నిజాయితీగా కష్టపడి, రెండు రోజులు రుద్ది, అద్దంలా మెరిపించి తెచ్చాడు. రెక్కల మీద ఉన్న తయారీదారు స్టిక్కర్ పోయింది, హబ్ మీది, అంటే బోల్టుల రంధ్రాలుండే నడిమి దిమ్మ మీది అక్షరాల్లో సగం పోయాయి. మిగిలిన మూడు అంకెలతో ఆ వస్తువు ఏదో ఈనాటికీ తేలలేదు. తప్పు అతనిది కాదు, ఇచ్చిన నాది.

మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపడం వరకే అనుమతి. తరువాత వస్తువును నలువైపుల నుంచీ, హబ్‌ను రెండు ముఖాల నుంచీ, రెక్కల కొనలను దగ్గరగా ఫోటోలు తీయాలి. ఫోటోలు తీసేటప్పుడు పక్కన టేపు పరచి ఉంచితే తరువాత కొలతల గురించి అనుమానం వచ్చినప్పుడు మళ్లీ వస్తువు దగ్గరికి వెళ్లనవసరం ఉండదు.

ఇది ప్రొపెల్లరేనా?

ఈ ప్రశ్న అనవసరంగా తోచవచ్చు కానీ, ప్రొపెల్లర్ పేరుతో అమ్ముడయ్యే చెక్క రెక్కల్లో విమానం ఎక్కనివి చాలా ఉన్నాయి. 1930లలో అమెరికా పల్లెల్లో బ్యాటరీలు ఛార్జి చేయడానికి వాడిన గాలిమరలకు ఆరడుగుల చెక్క రెక్కలు ఉండేవి. కర్మాగారాల కూలింగ్ టవర్ల పెద్ద ఫ్యాన్లకు, చిత్తడి నేలల్లో నడిచే ఎయిర్‌బోట్లకు కూడా చెక్క రెక్కలు వాడారు. పాత విమానాల మీద వైర్‌లెస్‌కు కరెంటు ఇచ్చే చిన్న జనరేటర్లను గాలి తిప్పేది. వాటి రెక్కలు మూరెడు, మూరన్నర మాత్రమే ఉంటాయి. ఇంజిన్‌ను నేల మీదే నడిపి పరీక్షించడానికి చేసిన పొట్టి, మొద్దు, నాలుగు రెక్కల దిమ్మలు ఇంకొక రకం; ఇవి విమానరంగానికి చెందినవే అయినా ఎగిరినవి కావు.

గాలిమర రెక్కకూ ప్రొపెల్లర్‌కూ తేడా తెలుసుకోవడానికి ఒక బల్ల చాలు. రెండింటికీ ఒక ముఖం దాదాపు చదునుగా, ఇంకొక ముఖం ఉబ్బుగా ఉంటుంది. రెండింటికీ ఒక అంచు మందంగా గుండ్రంగా ఉంటుంది, అది గాలిని చీల్చే ముందంచు. ఇంకొక అంచు పలుచగా ఉంటుంది, అది వెనకంచు. వస్తువును చదును ముఖం కిందికి, ఉబ్బు ముఖం పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, రెక్క నడిమి భాగంలో ఏ అంచు బల్లకు దగ్గరగా ఉందో చూడాలి. పలుచని వెనకంచు బల్లకు దగ్గరగా, మందమైన ముందంచు పైకి లేచి ఉంటే అది గాలిని నెట్టేది, అంటే ప్రొపెల్లర్. మందమైన అంచు కిందికి వాలి ఉంటే అది గాలి చేత తిరిగేది, అంటే గాలిమర. ఈ ఒక్క పరీక్ష నాకు తెలిసిన ముగ్గురి డబ్బు కాపాడింది.

అదే బల్ల మీద, వస్తువును కదపకుండా, తిరిగే దిక్కును కూడా తెలుసుకోవచ్చు. ఇప్పుడు మనం ఉబ్బు ముఖాన్ని, అంటే విమానానికి ఎదురుగా నిలబడితే కనిపించే ముఖాన్ని చూస్తున్నాము. మన నుంచి దూరంగా ఉన్న రెక్కకు ముందంచు ఎడమ వైపున ఉంటే అది కుడిచేతి ప్రొపెల్లర్, కుడి వైపున ఉంటే ఎడమచేతి ప్రొపెల్లర్. కుడి, ఎడమ అనే మాటలు వెనక కూర్చున్న పైలట్ చూపును బట్టి పెట్టినవి. ఆయనకు గడియారపు ముల్లు దిక్కున తిరిగితే కుడిచేతిది. ఈ సంగతి చిన్నదే కానీ ఇంజిన్‌ను గుర్తించేటప్పుడు సగం అభ్యర్థులను ఒక్క దెబ్బతో తొలగిస్తుంది.

హబ్ మీది ముద్రలు

ప్రొపెల్లర్‌కు జాతకం హబ్ మీద ఉంటుంది. ఇనుప అచ్చులతో కొట్టిన అక్షరాలు, అంకెలు హబ్ ముందు ముఖం మీదనో పక్కల చుట్టూతానో కనిపిస్తాయి. వందేళ్ల వార్నిష్, నూనె, మసి కింద అవి నేరుగా చదవడానికి వీలు కాకపోవచ్చు. గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చిని హబ్‌కు పక్కగా, దాదాపు చెక్కకు ఆనించి పట్టుకుంటే అక్షరాల గుంటల్లో నీడలు నిలిచి పైకి తేలినట్టు కనిపిస్తాయి. టార్చిని నాలుగు వైపుల నుంచీ పట్టి నాలుగు ఫోటోలు తీయడం మంచిది, ఎందుకంటే ఒక వైపు వెలుగులో 3గా కనిపించిన అంకె ఇంకొక వైపు వెలుగులో 8గా తేలుతుంది. పలుచని తెల్లకాగితం పరచి మెత్తని పెన్సిల్‌ను అడ్డంగా రుద్దడం ఇంకొక పద్ధతి. బడిలో రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టే. అక్షరాల్లో సుద్ద పొడి, పసుపు, పిండి వంటివి నింపవద్దు, అవి చెక్క రంధ్రాల్లో చేరితే మళ్లీ రావు.

ముద్రల్లో సాధారణంగా ఉండేవి డ్రాయింగ్ నంబర్, ఆ ఒక్క వస్తువుకే చెందిన వరుస సంఖ్య, ఇంజిన్ పేరు, అశ్వశక్తి, వ్యాసం, పిచ్ (ఒక చుట్టుకు ముందుకు జరగవలసిన దూరం), తనిఖీదారుల చిన్న ముద్రలు. కొన్నిటి మీద విమానం పేరు కూడా ఉంటుంది. కొత్తవారు తరచు పొరపడేది డ్రాయింగ్ నంబర్‌కూ వరుస సంఖ్యకూ మధ్యనే. ఒకే నమూనాతో చేసిన వందల ప్రొపెల్లర్లకు డ్రాయింగ్ నంబర్ ఒకటే ఉంటుంది కనుక, ఏ ఇంజిన్‌కు, ఏ విమానానికి చేసినదో చెప్పేది అదే. వరుస సంఖ్య వల్ల ఆ తయారీదారు చేసిన వాటిలో ఇది ముందుదా వెనకదా అని మాత్రమే తెలుస్తుంది. నాలుగు అంకెల వరుస సంఖ్యను చూసి, ఇది 1917 అని సంవత్సరంగా చదివి మురిసిపోయినవారిని నేను చూశాను.

మన దేశంలో దొరికేవాటిలో బ్రిటిష్‌వే ఎక్కువ కనుక వాటి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ హబ్‌ల మీద ఆంగ్లంలోని డి అక్షరం పక్కన వ్యాసం, పి అక్షరం పక్కన పిచ్ మిల్లీమీటర్లలో ఉంటాయి. అంగుళాల దేశంలో మిల్లీమీటర్లేమిటని ఆశ్చర్యపోయి నకిలీ అనుకోవద్దు. ఆనాటి ఆచారమే అది. ఎల్.హెచ్. అంటే ఎడమచేతిది, ఆర్.హెచ్. అంటే కుడిచేతిది. డ్రాయింగ్ నంబర్‌కు ముందుండే అక్షరాలు దాన్ని గీసినవారిని సూచిస్తాయి: టి అక్షరంతో మొదలయ్యేవి ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీవి, ఏ.బి. తో మొదలయ్యేవి బ్రిటిష్ ప్రభుత్వపు ఎయిర్ బోర్డువి, డి.హెచ్. తో మొదలయ్యేవి డి హావిలండ్ సంస్థవి. గీసినవారు ఒకరు, చేసినవారు ఒకరు కావచ్చు. యుద్ధం పెరిగేకొద్దీ కుర్చీలు, పియానోలు చేసే కార్ఖానాలకు కూడా ఈ పని అప్పగించారు.

జర్మన్ హబ్‌ల మీద అశ్వశక్తికి పి.ఎస్. అనే అక్షరాలు, ఎక్కువగా మెర్సిడెస్, బెంజ్, ఆర్గస్ వంటి ఇంజిన్ల పేర్లు కనిపిస్తాయి. తయారీదారుల్లో ఆక్సియల్, వోల్ఫ్, హైనె, నీండార్ఫ్ ప్రసిద్ధులు. బెర్లిన్‌లో ఒక సంస్థ పేరు 'గరుడ'. మన గరుత్మంతుడి పేరే. దీనిని రెక్క మీద చూసి భారతదేశంలో చేసినదని వాదించిన పెద్దమనిషిని ఒప్పించడానికి నాకు చాలా సేపు పట్టింది. ఫ్రెంచి వాటి మీద 'సెరీ' అనే మాట పక్కన నమూనా సంఖ్య ఉంటుంది; షోవియేర్ చేసిన 'ఇంటెగ్రాల్', మార్సెల్ బ్లాక్ రూపొందించిన 'ఎక్లేర్' వాటిలో పేరున్నవి. ఈ బ్లాకే తరువాత దస్సో అని పేరు మార్చుకున్నాడు. రఫేల్ యుద్ధవిమానాలు చేసే సంస్థ ఆయన స్థాపించినదే.

అమెరికావాటి మీద కొలతలు అడుగులు, అంగుళాలలో ఉంటాయి. బాల్టిమోర్‌లో చేసిన 'పారగన్' మొదటి యుద్ధ కాలానిది. ఒహాయోలోని హార్ట్‌జెల్ 1917లో మొదలైంది. సెన్సెనిక్ 1932లో మొదలైంది కనుక ఆ పేరు ఉన్నది ఏదీ మొదటి యుద్ధానిది కాజాలదు; అమ్మేవారు ఏమి చెప్పినా సరే. సెన్సెనిక్ నంబర్‌ను చదవడం తేలిక: 72 సి.కె. 42 అని ఉంటే వ్యాసం 72 అంగుళాలు, పిచ్ 42 అంగుళాలు, నడిమి అక్షరాలు నమూనాను తెలిపేవి.

కొలతలు

ముద్రలు చెరిగిపోతే కొలతలే గతి. అవి ఉన్నా కూడా కొలవాలి, ఎందుకంటే ముద్రలో ఉన్న వ్యాసం కంటే వస్తువు పొడవు తక్కువగా ఉంటే కొనలు కోశారని అర్థం.

వ్యాసం అంటే కొన నుంచి కొన వరకు. ఒక కొన విరిగి ఉంటే, హబ్ నడిమి బిందువు నుంచి బాగున్న కొన వరకు కొలిచి రెట్టింపు చేయాలి. పిచ్ అంటే, మరమేకు చెక్కలోకి దిగినట్టు ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు జరగవలసిన దూరం. దాన్ని వడ్రంగి పనిముట్లతోనే కొలవవచ్చు. రసమట్టం పెట్టి సరిచూసిన నేల మీద ప్రొపెల్లర్‌ను చదును ముఖం కిందికి పెట్టాలి. హబ్ నడిమి నుంచి కొన వరకు ఉన్న దూరంలో ముప్పాతిక వద్ద సుద్దతో కాక దారం కట్టి గుర్తు పెట్టాలి. అక్కడ ముందంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉంది, వెనకంచు ఎంత ఎత్తున ఉంది అనేవి మూలమట్టం నిలబెట్టి కొలవాలి. రెండంచుల నుంచీ గుండు వేలాడదీసి నేల మీద పడిన రెండు బిందువుల మధ్య దూరం కూడా కొలవాలి.

లెక్క ఇది. వ్యాసం 200 సెంటీమీటర్లు అనుకుందాము. సగం 100, అందులో ముప్పాతిక 75. ఆ 75 సెంటీమీటర్ల వద్ద రెక్క గీసే వృత్తం చుట్టుకొలత సుమారు 471 సెంటీమీటర్లు. అక్కడ రెండంచుల ఎత్తుల తేడా 4.2, నేల మీది దూరం 14 సెంటీమీటర్లు అయితే 4.2ను 14తో భాగిస్తే 0.3 వస్తుంది. 471ని 0.3తో గుణిస్తే పిచ్ 141 సెంటీమీటర్లు. రెండు రెక్కలకూ విడివిడిగా చేసి చూడాలి. ముద్రలోని అంకెకూ మన లెక్కకూ కొన్ని సెంటీమీటర్ల తేడా వస్తే బెంగపడనవసరం లేదు. పాత చెక్క కొద్దిగా మెలిక తిరుగుతుంది, తయారీదారులు పిచ్ లెక్కించే పద్ధతుల్లోనూ తేడాలు ఉండేవి. రెండు రెక్కల మధ్య పెద్ద తేడా ఉంటే మాత్రం ఒక రెక్కను తరువాత ఎవరో చెక్కారేమో చూడాలి.

పొడవు కాలాన్ని కూడా సూచిస్తుంది. పాత ఇంజిన్లు నెమ్మదిగా తిరిగేవి కనుక పెద్ద ప్రొపెల్లర్లను తిప్పేవి. 90 అశ్వశక్తి గల కర్టిస్ ఓ.ఎక్స్. 5 ఇంజిన్ నిమిషానికి 1,400 చుట్లు తిరిగేది, దాని ప్రొపెల్లర్ ఎనిమిది అడుగుల పైన ఉండేది. 1940ల నాటి 65 అశ్వశక్తి కాంటినెంటల్ ఇంజిన్ 2,300 చుట్లు తిరిగేది, దానికి ఆరడుగులది సరిపోయేది. కనుక ఎనిమిది, తొమ్మిది అడుగుల రెండు రెక్కల చెక్క ప్రొపెల్లర్ కనిపిస్తే మొదటి యుద్ధ కాలం వైపు, ఆరడుగులది కనిపిస్తే ఆ తరువాతి చిన్న విమానాల వైపు మొగ్గవచ్చు. ఇది మొగ్గు మాత్రమే, తీర్పు కాదు.

చెక్క, జిగురు, రేకు

అసలు ప్రొపెల్లర్ ఒక్క దుంగలో చెక్కినది కాదు. ముప్పాతిక అంగుళం, అంగుళం మందం గల పలకలను ఒకదాని మీద ఒకటి విసనకర్రలా కొద్దికొద్దిగా జరిపి జిగురుతో అతికించి, ఆ దిమ్మను రెక్కగా చెక్కుతారు. అందువల్ల రెక్క ఉబ్బు ముఖం మీద ఆ పొరల అంచులు, పొలం గట్ల వంపుల్లా, ఒకదాని వెంట ఒకటి సాగే గీతలుగా కనిపిస్తాయి. రెండు రెక్కల మీదా ఆ గీతలు ఒకే తీరుగా ఉండాలి. పొరల గీతలు రెక్క మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే అక్కడ అతుకు పడిందని అర్థం.

బ్రిటిష్‌వారు మహాగని, వాల్‌నట్ ఎక్కువగా వాడారు. మహాగని ఎరుపు, వాల్‌నట్ కాఫీపొడి రంగు. అమెరికావారు వాటితో పాటు ఓక్, చెర్రీ వాడి, తరువాతి కాలంలో బర్చ్ వైపు మళ్లారు. యుద్ధంలో సముద్ర మార్గాలు మూసుకుపోవడంతో జర్మన్లు వాల్‌నట్, యాష్, మేపుల్, బర్చ్ వంటివి కలిపి వాడారు. అందుకే వాటిపై ముదురు, లేత చారలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. మన వడ్రంగులు ముక్కు దగ్గర పెట్టుకొనే గుర్తుపట్టే టేకు, జిట్రేగి కనిపించాయంటే దాదాపుగా అది అలంకరణ కోసం ఈ మధ్య చేసినదే. టేకు నూనెగుణం గలది, జిగురు సరిగా పట్టదు. జిట్రేగి బరువు ఎక్కువ.

జిగురు కూడా కాలాన్ని చెబుతుంది కానీ కంటితో చెప్పడం కష్టం. మొదట పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు, తరువాత పాల విరుగుడుతో చేసే కేసీన్ జిగురు, రెండవ యుద్ధ కాలం నాటికి నీటికి లొంగని రసాయన జిగుర్లు వాడుకలోకి వచ్చాయి. మన ఎండలకు పాత జిగురు పగిలి పొరల మధ్య వెంట్రుక మందం సందులు ఏర్పడతాయి. ఆ సందుల్లో తెల్లటి, పాలిథీన్‌లా సాగే జిగురు కనిపిస్తే అది మన కాలపు మరమ్మతు.

ఇక అంచు రేకు. వాన చినుకులు, రన్‌వే మీది రాళ్లు వేగంగా తిరిగే చెక్కను కొరికేస్తాయి కనుక ముందంచుకు ఇత్తడి రేకు, కొన్నిటికి రాగి రేకు తొడిగారు. దాన్ని రాగి రివెట్లతో, స్క్రూలతో బిగించి తలల మీద టంకం పోసి నునుపు చేసేవారు. వసారాలో ఉన్న మన వస్తువును దగ్గరగా చూద్దాము: రేకు మీద వేలు పోనిస్తే రివెట్ల చోట బియ్యపు గింజంత ఉబ్బు మాత్రమే తగులుతుంది, ఎక్కడా గోరు చిక్కదు, కొనన మూడు సూది రంధ్రాలు ఉన్నాయి. ఆ రంధ్రాలు రేకు కింద చేరిన చెమ్మ తిరిగే వేగానికి బయటికి పోవడానికి పెట్టినవి. అలంకరణ వస్తువులు చేసేవారికి ఈ రంధ్రాల సంగతి తెలియదు. తెలిసినా చేసే ఓపిక ఉండదు. రేకును స్టార్ స్క్రూలతో బిగించి ఉంటే అనుమానించాలి. ఆ రకం స్క్రూలు 1930ల నడుమ వాడుకలోకి వచ్చాయి, కనుక 1916 నాటి ప్రొపెల్లర్‌కు అవి ఉన్నాయంటే రేకైనా తరువాతిది, వస్తువైనా తరువాతిది.

రేకు లేకుండా కొనలకు గుడ్డ అంటించి రంగు వేసినవి కూడా అసలైనవే. 1930లలో కొన్ని బ్రిటిష్ ప్రొపెల్లర్లకు సన్నని లోహపు జాలీ మీద ప్లాస్టిక్ వంటి నల్లని పూత పూసే జర్మన్ పద్ధతి వచ్చింది. అది పగిలినచోట జాలీ కనిపిస్తే దడుచుకోవద్దు, మంచి గుర్తే.

కాలాన్ని బిగించడం

1903లో రైట్ సోదరులు స్ప్రూస్ చెక్కతో తామే చెక్కుకున్నవాటి నుంచి 1914 వరకు వచ్చిన ప్రొపెల్లర్లు చాలా అరుదు. 1909 జూలై 25న ఫ్రెంచి వైమానికుడు బ్లేరియో ఇంగ్లిష్ ఛానల్ దాటినప్పుడు ఆయన విమానానికి ఉన్నది షోవియేర్ 'ఇంటెగ్రాల్'. మన దేశంలో అలహాబాద్ నుంచి నైనీకి తొలి విమాన తపాలా వెళ్లినది 1911 ఫిబ్రవరి 18న. అప్పటికి దేశంలో ఉన్న విమానాలను వేళ్ల మీద లెక్కించవచ్చు. కనుక మన వీధిలో దొరికినది ఆ కాలానిది కావడానికి అవకాశం లేనట్టే.

1914–18 కాలానివి లెక్కకు మించి తయారయ్యాయి కనుక ప్రపంచమంతటా దొరుకుతాయి. మన హైదరాబాద్ రాజ్యానికి ఆ కాలంతో నిజమైన సంబంధమే ఒకటి ఉంది. 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్. 9ఎ విమానాలను నిజాం బహూకరించాడు. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు నిలిచింది. ఎఫ్ 1010 అనే సంఖ్య గల ఆ విమానాల్లో ఒకటి 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కి, పోలండ్ మీదుగా తిరిగి, ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. అయితే ఆ విమానాలు ఎగిరినది ఫ్రాన్స్‌లో, మామునూరులో కాదు. వాటికి ఉన్నది 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజిన్. 'నిజాం విమానం' అని చెప్పేవారి వస్తువు మీద లిబర్టీ పేరు, 400 అంకె లేకపోతే ఆ కథకు ఆధారం లేదు. ఆ యుద్ధపు వస్తువులు భారతదేశంలో దొరకవని కాదు: యుద్ధం తరువాత బ్రిటన్ పంచిపెట్టిన విమానాల్లో కొన్ని డి.హెచ్. 9ల అవశేషాలు బికనేర్ కోటలోని ఏనుగుల శాలలో ఈ మధ్య కాలం వరకు పడి ఉన్నాయి.

1920లలో రీడ్ లోహపు ప్రొపెల్లర్, 1930లలో ఎగురుతుండగానే పిచ్ మార్చుకునేవి వచ్చాక పెద్ద విమానాల నుంచి ఒకే ముక్కగా చేసిన చెక్కవి తప్పుకున్నాయి. తొలి హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు రెండు రెక్కల చెక్కవాటితోనే ఎగిరాయి కానీ త్వరలోనే వాటిని మార్చారు. రెండవ యుద్ధంలో రోటాల్ సంస్థ, నొక్కి గట్టిపరచిన చెక్కతో చేసిన విడి రెక్కలను లోహపు హబ్‌కు బిగించింది. లోహపు మొదలుతో ఉన్న ఒంటి చెక్క రెక్క దొరికితే ఆ దారిలో వెతకాలి.

చిన్న విమానాల్లో మాత్రం చెక్కకు కాలం చెల్లలేదు, ఇప్పటికీ చేస్తున్నారు. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎక్కువగా తిరిగిన టైగర్ మాత్ 1931 అక్టోబరు 26న తొలిసారి ఎగిరింది. మొత్తం ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. తరువాత దానికి వేసిన గిప్సీ మేజర్ ఇంజిన్ 130 అశ్వశక్తి గలది, ఎడమచేతి వాటం. దక్షిణాదిలో పాత చెక్క ప్రొపెల్లర్ కనిపించినప్పుడు మొదట ఈ విమానాన్నే తలచుకోవడం మంచిది.

వాడినదా, వాడనిదా, మార్చినదా

విమానానికి బిగించిన ప్రొపెల్లర్ హబ్ ముఖం మీద లోహపు పలక ఒత్తిడికి గుండ్రని అచ్చు పడుతుంది, బోల్టుల రంధ్రాల చుట్టూ చెక్క నలిగి ఉంటుంది. ఈ గుర్తులు లేకుంటే అది గోదాములోనే ఉండిపోయినదై ఉండవచ్చు. అది లోపం కాదు. రంధ్రాలు ఎగుడుదిగుడుగా, ఒక్కొక్కటి ఒక్కో దూరంలో ఉంటే మాత్రం గోడకు బిగించడానికి ఎవరో బర్మాతో (డ్రిల్లుతో) తొలిచారని తెలుసుకోవాలి. మొదటి యుద్ధం తరువాత హబ్ నడుమ గడియారం అమర్చి బహుమతిగా ఇవ్వడం ఒక వేడుక. అందుకోసం రంధ్రాన్ని వెడల్పు చేసి, రెక్కలను కోసినవి చాలా ఉన్నాయి. కోసిన వస్తువు అసలైనదే, విలువ తగ్గుతుంది అంతే.

కొత్త నకళ్లలో ముద్రలు కూడా కొడుతున్నారు. వాటిని పట్టించేది సాధారణంగా లెక్క కుదరకపోవడమే: ముద్రలో ఎల్.హెచ్. అని ఉండి బల్ల మీద కుడిచేతిదిగా తేలడం, 2,700 మిల్లీమీటర్ల వ్యాసం అని ఉండి టేపు ఆరడుగులు చూపడం. అందుకే కొలవకుండా ముద్రను నమ్మకూడదన్నాను.

ఉంచుకునే పద్ధతి ఒక్క ముక్కలో: గోడకు అడ్డంగా, రెండు కొయ్యల మీద ఆనించి పెట్టాలి. నిలువుగా పెడితే చెమ్మ కింది రెక్కలోకి దిగి తూకం చెడుతుంది. నేల మీద ఉంచితే మన ఊళ్లో చెదలు ఎదురుచూస్తూ ఉంటాయి. ఎంత బాగున్నా దాన్ని తిరిగి ఇంజిన్‌కు బిగించే ఆలోచన చేయకూడదు.

ఆ రోజు సాయంత్రానికి వసారాలోని వస్తువు సంగతి ఇలా తేలింది. బల్ల మీద అది ఎడమచేతి ప్రొపెల్లర్. మహాగని పొరలు, ఇత్తడి రేకు, కొనన రంధ్రాలు. టార్చి వెలుగులో డి.హెచ్. అనే అక్షరాలు, చెరిగిన అంకెలు, వాటి కింద గిప్సీ మేజర్ అనే పేరు. ఆ ఇంజిన్ 1932లో వచ్చింది కనుక అంతకు ముందుది కాదు. హబ్ మీద పలక అచ్చు లోతుగా పడి ఉంది కనుక బాగా ఎగిరింది. టైగర్ మాత్‌ది కావడానికే ఎక్కువ అవకాశం, అదే ఇంజిన్ గల వేరే విమానానిది కావడానికీ అవకాశం ఉంది. ఇదంతా ఒక అట్టముక్క మీద తేదీతో సహా రాసి, మేకు కొట్టకుండా, హబ్ రంధ్రం గుండా నూలు దారంతో కట్టాను.

కుర్రవాడు ముఖం చిన్నబుచ్చుకొని, "మరి నిజాం అని రాయొద్దా సార్?" అని అడిగాడు. అట్ట వెనక్కి తిప్పి, మామునూరు వైపు నుంచి వచ్చిందనీ, నిజాం విమానానిదనీ అమ్మినవారు చెప్పారని రాసి, ఆ మాట ఎవరు, ఏ ఊళ్లో, ఏ రోజున చెప్పారో అతన్నే అడిగి అతని చేతే కింద రాయించాను.